కాటా గుమాస్తాలో యాభై కిలోల తరుగు

వెలగలపేట గోదాములో బియ్యం పోవడం కొత్తేమీ కాదు. ఎలకలు తింటాయి, పిచ్చుకలు తింటాయి, తినగలిగిన వాళ్ళందరూ తింటారు. కానీ పోయిన ఏడాది అక్కడ పోయింది బియ్యం కాదు. కాటా గుమాస్తా కుడుపూడి అన్నవరం గారిలో యాభై కిలోలు పోయాయి. అదీ గోదాముని నడిపే సంస్థ అనుమతి లేకుండా పోయాయి.

గుమాస్తా బరువుతో గోదాముకేం పని అంటారా? ఉంది. గేటు పక్కన లారీలను తూచే పెద్ద కాటా ఉంది. లారీ ఆ ఇనప పలకల మీదికి ఎక్కాక డ్రైవరూ క్లీనరూ దిగారో లేదో చూసి, అంకె రాసుకుని, చీటీ మీద ముద్ర కొట్టాలి. అది అన్నవరం గారి పని. ఆయన అప్పట్లో నూట నలభై కిలోల మనిషి. కాటాకి మూడు మెట్లు. లారీ లారీకీ ఆయన ఎక్కి దిగేసరికి మోకాళ్ళు మొరాయించేవి, వెనకాల లారీలు రోడ్డు దాకా బారులు తీరేవి. అప్పటి మేనేజరు దయగల మనిషి. "మీరు దిగకండి మహాప్రభో" అని కాటా మీదే ఓ మూల ఇనప కుర్చీ వేయించి, బోల్టులతో బిగించేశారు. మరి కాటా చూపించే అంకెలో అన్నవరం గారు కూడా కలిసిపోతారు కదా! దానికో ఉత్తర్వు వచ్చింది. వచ్చిన అంకెలోంచి ఖాళీ లారీ బరువూ, గుమాస్తా బరువు నూట నలభై కిలోలూ తీసేస్తే మిగిలింది బియ్యం.

కుర్చీని కాటాకి ఒక అడుగు అవతల నేల మీద వేస్తే సరిపోయేది కదా అని మీకు తడుతుంది. మీరు సంస్థలో పనిచెయ్యరు కాబట్టి తడుతుంది. ప్రధాన కార్యాలయానికైతే ఈ ఏర్పాటు తెగ నచ్చేసింది. వెలగలపేట గోదాము చీటీల మీద "తగ్గింపు: కాటా గుమాస్తా, 140 కిలోలు" అని అచ్చు వేయించి మరీ పంపారు. ఒకటీ అరా కాదు, రెండు లక్షల చీటీలు.

అన్నవరం గారు బరువు తగ్గే ఆపరేషను చేయించుకోవాలని డాక్టర్లు నాలుగేళ్ళుగా పోరుతున్నారు. మోకాళ్ళన్నారు, షుగరన్నారు, నిద్రలో ఊపిరి ఆగిపోతోందన్నారు. ఆయన అన్నిటికీ తలూపి, దారిలో రెండు పెసరట్లు తిని ఇంటికొచ్చేవారు. చివరికి ఆయన్ని ఒప్పించింది ఆరేళ్ళ మోక్షిత. పెళ్ళయిన పన్నెండేళ్ళకి పుట్టిన పిల్ల. ఓ ఆదివారం తండ్రి ఒళ్ళో కూర్చోబోయి, రెండుసార్లు జారిపోయి, మూడోసారి ఇక ప్రయత్నించకుండా వంటింట్లోకెళ్ళి, "అమ్మా, నాన్నకి ఒడి లేదే, పొట్టే ఉంది" అని చెప్పింది. పిల్ల కోపంగా చెప్పలేదు, ఉన్నమాట చెప్పింది. అదే ఆయన గుండెల్లో దిగబడింది. మర్నాడే విశాఖపట్నం బస్సెక్కేశారు.

అక్కడ ఆయన పొట్టలో ముప్పాతిక వంతు కోసి తీసేసి, మిగిలినదాన్ని అరటికాయంత గొట్టంలా కుట్టి పంపించారు. ఇంటికొచ్చాక రెండు వారాలు పప్పుకట్టు, మజ్జిగ తేట. ఆ తర్వాత మెత్తగా మెదిపిన అన్నం, మోక్షిత చిన్నప్పటి ఉగ్గుగిన్నెలో నాలుగు చెంచాలు. నీళ్ళు కూడా గుక్కెడు కాదు, చప్పరించాలి. గంటకోసారి లేచి నడవాలి. పదిమందికి వండిపెట్టే చెయ్యి ఉన్న భార్య నూకరత్నానికి ఇది మింగుడు పడలేదు.

"నాలుగు చెంచాలకే చాలంటే ఎలాగండీ? మా పుట్టింటోళ్ళు చూత్తే నేను మిమ్మల్ని మాడ్చేత్తన్నాననుకుంటారు."

"ఐదో చెంచా పెడితే మొదటి చెంచా బయటికొచ్చేత్తాదే, నూకరత్నం."

చుట్టాలు పరామర్శకి దిగారు. ఇన్నాళ్ళూ "కాస్త తగ్గరాదంటయ్యా" అన్నవాళ్ళే ఇప్పుడు గొంతు తగ్గించి, "నిజం చెప్పు, పెద్ద జబ్బేనా?" అని అడిగారు. జుట్టు రాలింది. చర్మం వేలాడింది. మండు వేసవిలో చలేసి దుప్పటి కప్పుకున్నారు. పెళ్ళి భోజనాల బంతిలో కూర్చుని ఇంత పప్పు నాకేసి లేచిపోతుంటే వడ్డించేవాళ్ళు అలిగారు. ఇవన్నీ ఆయన నోరెత్తకుండా భరించారు. ఎందుకంటే నాలుగో నెలలో ఒకరోజు మోక్షిత పలకా పుస్తకాలతో వచ్చి ఆయన ఒళ్ళో కూర్చుంది. జారలేదు. దర్జాగా కూర్చుని ఎక్కం అప్పజెప్పి వెళ్ళింది. అన్నవరం గారు తువ్వాలుతో కళ్ళు ఒత్తుకుంటూ చాలాసేపు కూర్చున్నారు. ఇంక ఈ జన్మకి ఇది చాలనుకున్నారు.

కానీ సంస్థ అనుకోవద్దూ?

ఆరు వారాల సెలవయ్యాక ఆయన డ్యూటీలో చేరిన మొదటిరోజే కొత్త మేనేజరు చిట్టూరి విశ్వనాథం గారి దగ్గరికి వెళ్ళి, "నేను పద్దెనిమిది కిలోలు తగ్గానండి, చీటీల్లో అంకె మార్చాలండి" అని చెప్పారు. విశ్వనాథం గారు నిబంధనల పుస్తకం తలకింద పెట్టుకుని పుట్టిన మనిషి. కళ్ళజోడు మీదుగా చూసి, "వ్యక్తిగత విషయములు కార్యాలయమునకు తేరాదు" అన్నారు.

ఆ రోజు నుంచి ప్రతి లారీలోనూ పద్దెనిమిది కిలోల బియ్యం తక్కువ పడింది. విశ్వనాథం గారు దాన్ని ఎండ తరుగు అన్నారు. ఎండలకి బియ్యంలో తేమ ఆరిపోయిందని రాశారు. వానలొచ్చాయి. గోదాము గోడలు చెమ్మగిల్లాయి. తరుగు ముప్పై అయింది. దసరాకి యాభై దగ్గర ఆగింది. అన్నవరం గారు తొంభై దగ్గర ఆగారు కాబట్టి అది కూడా ఆగింది. లారీ చిన్నదైనా పెద్దదైనా, సోనా మసూరి అయినా చౌకబియ్యమైనా, నిక్కచ్చిగా యాభై కిలోలు.

"ఇంత క్రమశిక్షణతో దొంగిలించుట బయటివారికి సాధ్యము కాదు. ఇది లోపలి మనిషి పని" అని విశ్వనాథం గారు తేల్చారు. అప్పుడు అన్నవరం గారు ఆపరేషను కాగితాలు తెచ్చి మళ్ళీ చూపించారు. ఈసారి ఆయన చదివారు. చదివి, ఉపశమనంగా ఊపిరి పీల్చుకుని, ఓ మెమో ఇచ్చారు. "విషయము: ఉద్యోగి శరీరమందు 50 కిలోల తరుగు – సంజాయిషీ కోరుట – గురించి."

"సంజాయిషీ ఏముందండి?" అన్నారు అన్నవరం గారు. "నూట నలభై కొట్టేసి తొంభై అని రాసేత్తే సరిపోద్ది కదండీ."

"అచ్చు అంకెను కొట్టివేయుట దిద్దుబాటు కిందకు వచ్చును. దిద్దిన చీటీ చెల్లదు. ఇంకనూ లక్షా ఎనభై వేల చీటీలు మిగిలి ఉన్నవి. అవి అయిపోవువరకు మీరు నూట నలభై కిలోలే."

"అవి ఎప్పటికయిపోతాయండీ?"

"రోజుకు నలభై లారీల చొప్పున, పన్నెండేళ్ళు."

"పోనీ ఆ కుర్చీ తీసి కిందేయించండి. ఇప్పుడు నేను మెట్లు ఎక్కగలను, దిగగలను. కావాలంటే దూకగలనండి."

"కుర్చీకి బోల్టులు ఉన్నవి. బోల్టులున్నది స్థిరాస్తి. దానిని కదిపే అధికారము నాకు లేదు. మీకు బోల్టులు లేవు. కనుక మారవలసినది మీరే."

అన్నవరం గారు మెమో మడిచి జేబులో పెట్టుకోబోయారు. విశ్వనాథం గారే దయతలచి మెమో రెండో పేజీ తిప్పి చూపించారు. పదిహేను రోజుల్లో సదరు ఉద్యోగిలో తరుగు భర్తీ కానిచో, లారీకి యాభై కిలోల చొప్పున బియ్యాన్ని అతడే తరలించినట్టు భావించి పోలీసువారికి అప్పగించబడును అని ఉంది. ఉద్యోగం పోతే పోయింది, మోక్షితకి బియ్యం దొంగ నాన్ననవ్వాలా అని ఆయన బెంగపడ్డారు.

భర్తీ కోసం ముగ్గురితో ఓ సంఘం వేశారు. అకౌంటెంటు, నాణ్యత ఇన్‌స్పెక్టరు, క్యాంటీను కాంట్రాక్టరు. ముగ్గురూ కాటా మీదికే టిఫిను క్యారియర్లతో వచ్చారు. నేతి పెసరట్లు, పూతరేకులు, కాజాలు. చేతిలో పెన్నూ కాగితం. కాదంటే సహకరించలేదని రాస్తారు. అన్నవరం గారు దేవుణ్ణి తలుచుకుని అరకాజా కొరికారు. పావుగంటలో ఒళ్ళంతా చెమటలు పట్టి, గుండె దడదడలాడి, తిన్నది తిన్నట్టు సంఘం ఫైలు మీదికే వచ్చేసింది. "సరుకు దిగుమతి అయినది కాని, వెంటనే ఎగుమతి అయినది" అని సంఘం నివేదిక ఇచ్చింది. మిగిలిన పూతరేకులు సంఘమే భర్తీ చేసుకుంది.

విశ్వనాథం గారు అంతటితో ఊరుకోలేదు. విశాఖపట్నం డాక్టరుకి ఫోను చేయించారు. బలవంతంగా పెడితే కుట్లు విచ్చుకుంటాయి, మనిషి దక్కడు అని డాక్టరు గట్టిగా చెప్పాడు.

ఫోను పెట్టేసి విశ్వనాథం గారు అడిగారు. "కోసిన ముప్పాతిక పొట్ట ఎక్కడున్నది? తిరిగి తెప్పించగలరా?"

"అక్కడే పారేశారండి."

"టెండరు పిలవకుండానా?"

ఈ చిక్కుముడి విప్పింది నాణ్యత ఇన్‌స్పెక్టరు. యాభై కిలోలంటే సరిగ్గా ఒక బియ్యం బస్తా. లోపలికి పోనిదాన్ని పైన పెడితే పోలేదా? ఆ మాట విని విశ్వనాథం గారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారట. సాయంత్రానికి ఉత్తర్వు తయారు. "సదరు ఉద్యోగి విధి నిర్వహణ సమయమందు తన ఒడియందు ఒక బస్తాను ధరించవలెను. సదరు బస్తా ఉద్యోగి అనుబంధ శరీరముగా పరిగణించబడును." బస్తా మీద నల్ల సిరాతో "కె. అన్నవరం, రెండవ భాగము" అని ముద్ర కూడా పడింది.

మర్నాడు బస్తా ఒళ్ళో పెట్టుకుని అన్నవరం గారు కాటా మీద కూర్చున్నారు. లారీ ఎక్కింది. అంకె అతికినట్టు సరిపోయింది. గోదాములో స్వీట్లు పంచారు. అన్నవరం గారికి మాత్రం ఏ కొండ దిగాలని పొట్ట కోయించుకున్నారో ఆ కొండ మళ్ళీ ఒళ్ళోకొచ్చి కూర్చుంది.

ఇక అక్కణ్ణించి బస్తాకీ సర్వీసు మొదలైంది. పొద్దున్నే హాజరు పట్టీలో ఆయన రెండు సంతకాలు చెయ్యాలి. మొదటి భాగానికొకటి, రెండో భాగానికొకటి. డ్యూటీలో ఉన్నంతసేపూ రెండు భాగాలూ విడిపోకూడదు. అందుకని బస్తాలు మోసే కళాసీల మేస్త్రి ఏసుబాబుని తోడిచ్చారు. ఆయన ఎక్కడికెళ్తే ఏసుబాబు బస్తా నెత్తిన పెట్టుకుని వెనకాలే.

"ఏవండీ అన్నవరం గారూ, తమరు బాత్రూముకెళ్ళినా రావాలంటండి."

"రావాల్సింది బస్తా కదయ్యా, నువ్వెందుకు?"

"దానికి కాళ్ళెక్కడున్నాయండీ? అయినా మీకు సిగ్గెందుకండీ, మనవందరం ఒక ఒంటి కిందే లెక్కంట."

నవ్వులాటగానే ఉంది కానీ ఆయన పని అయిపోయింది. గంటకోసారి నడవమంటే, ఏసుబాబుని పిలిచి బస్తా ఎత్తించేలోపు మరో లారీ వచ్చేది. కాళ్ళు తిమ్మిరెక్కేవి. కుట్ల దగ్గర సలుపు. ఉగ్గుగిన్నె పెట్టుకోవడానికి ఒడి లేక బస్తా మీదే పెట్టుకుని తినేవారు. ఓ బుధవారం బస్తాకి ఎలక కన్నం పెట్టింది. పొద్దున చిన్నకాటా మీద తూస్తే ఏడువందల గ్రాములు తక్కువ. గోరుచుట్టు మీద రోకటిపోటు! "ముందస్తు అనుమతి లేకుండా మరల ఏల తగ్గితిరి?" అని ఇంకో మెమో.

ఆ శనివారం బడి లేదు. నూకరత్నం మధ్యాహ్నం ఉగ్గుగిన్నె తెస్తూ మోక్షితని కూడా తీసుకొచ్చింది. పిల్ల మూడు మెట్లూ గెంతుకుంటూ ఎక్కి, తండ్రి దగ్గరికి పరుగెత్తి, ఠక్కున ఆగిపోయింది.

"నాన్నా, అది నా చోటు."

"ఆఫీసోళ్ళు పెట్టారమ్మా."

"లేవమని చెప్పు."

"అలా చెప్పకూడదమ్మా. దానిది కూడా డ్యూటీయే."

మోక్షిత బస్తా మీది అక్షరాలు కూడబలుక్కుని చదివింది. తండ్రి పేరు చూసి మొహం చిన్నబుచ్చుకుంది. ఇంతలో, కాటా అంకె లోపల కూడా కనపడే ఆఫీసు కిటికీలోంచి విశ్వనాథం గారి కేక. "ఎవరా పిల్ల? పద్దెనిమిది కిలోలు అధికముగా వచ్చుచున్నది! దింపండి!"

నూకరత్నం పిల్లని రెక్క పట్టుకుని దింపేసింది. మోక్షిత ఏడవలేదు. కింద మెట్టు మీద కూర్చుని, తన ఒళ్ళో తన చేతులే పెట్టుకుంది. అన్నవరం గారు ఆ చేతుల వైపే చూశారు. కాజా తిన్నప్పుడు కూడా అంత బాధ పడలేదు. ఆపరేషను బల్ల మీద భయపడ్డానే, కత్తికి ఒళ్ళప్పగించానే, తిండి వదిలానే, ఇదంతా ఓ బస్తాకి చోటివ్వడానికా అని ఆయనకి మొదటిసారి కోపం వచ్చింది. అంత లావుగా ఉన్నప్పుడు కూడా రానంత కోపం.

సోమవారం ప్రాంతీయ మేనేజరు వసుంధరాదేవి గారు తనిఖీకి వచ్చారు. గోదాముకి సున్నం కొట్టారు, బస్తాకి కొత్త గోనె తొడిగారు. ఆవిడ కాటా ముందు కుర్చీలో కూర్చుని, "కానివ్వండి" అన్నారు. లారీ వచ్చి నిలబడింది.

"ఏసుబాబూ, ఈ బస్తా తియ్యి" అన్నారు అన్నవరం గారు.

"బాత్రూమాండీ?"

"కాదు. తియ్యవయ్యా!"

ఏసుబాబు తీశాడు. అన్నవరం గారు లేచి నిలబడి, "దాన్ని కుర్చీలో పెట్టు. ఇంకో బస్తా తెచ్చి దాని మీద పెట్టు. మూడోదాన్లో నలభై కిలోలుంచి పెట్టు" అన్నారు. ఆ తర్వాత మెట్ల పక్క కమ్మీ పట్టుకోకుండా మూడు మెట్లూ దిగి కింద నేల మీద నిలబడ్డారు. కుర్చీలో బస్తాలు సర్దుకున్నాయి. అంకె పడింది. ఖాళీ లారీ బరువు తీసేశారు, అచ్చులో ఉన్న నూట నలభై తీసేశారు. గ్రాము తేడా లేదు.

వసుంధరాదేవి గారు చీటీని ఎండకెత్తి చూశారు. "చాలా సంతృప్తికరముగా ఉన్నది. ఆ కుర్చీయందు ఉన్నది ఎవరు?"

"కాటా గుమాస్తా కుడుపూడి అన్నవరం అండి" అన్నారు అన్నవరం గారు. "నూట నలభై కిలోలండి. మనిషి మొత్తం ఉన్నాడండి, ఎక్కడా తరుగు లేదండి."

"మరి తమరెవరు?"

అబద్ధం చెప్పడం అన్నవరం గారికి చేతకాదు. "నేనే ఆ తరుగునండి" అన్నారు.

ఆవిడ నిబంధనల పుస్తకం తెప్పించారు. ముందుకి తిప్పారు, వెనక్కి తిప్పారు. విశ్వనాథం గారు ఏదో అనబోతే చేత్తో వారించారు. "కాటా మీద సరుకు పూర్తిగా ఉన్నప్పుడు, కాటా వెలుపల ఉన్నదానితో సంస్థకు నిమిత్తము లేదు. వెలుపలి తరుగు మాఫీ చేయడమైనది" అని రాసి సంతకం పెట్టారు. పోలీసులకి అప్పగిస్తామన్న మెమో కూడా ఆ ఒక్క వాక్యంతో కొట్టుకుపోయింది.

ఆ రోజు నుంచి అన్నవరం గారు కింద వేపచెట్టు నీడలో నిలబడి చీటీలు రాస్తున్నారు, ముద్ర కొడుతున్నారు. ముద్ర కొట్టే చెయ్యి ఎవరిదని ఏ నిబంధనా అడగదు. జీతం అన్నవరం పేరు మీదే వస్తోంది. బస్తాలకి బ్యాంకు ఖాతా లేదు కాబట్టి ఆయనే తీసుకుంటున్నారు. గంటకోసారి గోదాము చుట్టూ ఓ చుట్టు నడిచి వస్తున్నారు. ఎవరూ ఏమీ అనరు. మాఫీ అయిన తరుగుని పట్టుకుని అడిగేదేముంది?

రిపబ్లిక్ డే నాడు సంస్థ సభ జరిగింది. ఆ ఏటి ఉత్తమ ఉద్యోగి బహుమతి వెలగలపేట కాటా గుమాస్తాకి వచ్చింది. ఇద్దరు కళాసీలు బోల్టులు ఊడదీసి మరీ కుర్చీతో సహా మోసుకొచ్చి వేదిక మీద పెట్టారు. సన్మానానికైతే స్థిరాస్తిని కదపొచ్చట. వసుంధరాదేవి గారు పైబస్తాకి శాలువా కప్పారు. విశ్వనాథం గారు మైకు అందుకున్నారు.

"వీరు సీటు వదలి లేవలేదు. సెలవు పెట్టలేదు. పై అధికారులకు ఎదురు చెప్పలేదు. అన్నింటికీ మించి, ఒక్క గ్రాము తగ్గలేదు. యువతరము వీరిని ఆదర్శముగా తీసుకోవలెను!"

చప్పట్లు మోగిపోయాయి. మూడో వరసలో అన్నవరం గారూ చప్పట్లు కొడదామనుకున్నారు కానీ చేతులు ఖాళీ లేవు. ఒళ్ళో మోక్షిత ఉంది. పిల్ల మెడ సాచి వేదిక వైపు చూసింది.

"నాన్నా, శాలువా కప్పుకున్న ఆ బస్తా ఎవరు?"

"కాటా గుమాస్తా అన్నవరం గారమ్మా."

"మరి నువ్వెవరు?"

"నేను మీ నాన్నని."

మోక్షిత కాసేపు ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. తర్వాత తండ్రి ఛాతీకి ఆనుకుని సర్దుకుని కూర్చుంటూ, "అయితే ఆయన్ని అక్కడే ఉండమను" అంది.